నాలుగో క్యాంపు జెండాలు

ఖడ్కా సాబ్ టీ గ్లాసు పక్కకు నెట్టి, బల్ల మీద ఒక ప్రార్థన చక్రం పెట్టాడు.

“ఊరికే తిప్పితే పుణ్యం వస్తుంది. అడుగున మీట నొక్కి తిప్పితే రేడియో మోగుతుంది,” అన్నాడు.

ఉర్కెన్ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “రెండూ ఒకేసారి రావా సాబ్?”

ఖడ్కా సాబ్ నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్లు కాఠ్మాండూ మొత్తంలో లేరు. ఇంట్లో ఆయన భార్యను అడిగినా అదే మాట చెబుతుంది.

అసన్ బజారులో ఒక మసాలా దినుసుల కొట్టు వెనకగది అది. బయట జీలకర్ర తూచేవాడు ఖడ్కా సాబ్ మనిషే. బేరమాడుతున్న ముసలమ్మ కూడా ఆయన మనిషే. గదిలో గోడకున్న పటం మీద ఖడ్కా సాబ్ వేలు పెట్టాడు.

ఉర్కెన్ పైకి చూస్తే ఖుంబూ లోయ షెర్పా. ఎవరు ఏ కొండెక్కినా వాళ్ల సామాను మోసి, తాళ్లు బిగించి, టెంట్లు వేసే మనిషి. లోపల చూస్తే ప్రభుత్వపు రహస్య ఏజెంటు. ఇంకా లోపలికి తొంగి చూస్తే మాత్రం కుదురులేని కోతి. కిందటేడు షెర్పాల సర్దార్ సంచిలో గుండ్రాయి పెట్టి, రెండో క్యాంపు దాకా ఆ పెద్దాయన చేతే మోయించిన ఘనుడు. వాడి కోడ్ పేరు ‘జడల బర్రె’. పులి అనో గద్ద అనో పెట్టమని వాడు బతిమాలుకున్నాడు. ఆ పేర్లు ఖాళీ లేవన్నాడు ఖడ్కా సాబ్.

పని ఇదీ. సరిహద్దు మీద ఖంగ్ దోల్మా శిఖరం. దాన్ని ఎక్కడానికి విదేశీ బృందం ఒకటి వస్తోంది. ఆ కొండ భుజం మీద నాలుగో క్యాంపు వేస్తారు. అక్కడ నిలబడితే ఎదురుగా ఖర్తే కనుమ కనిపిస్తుంది. ఆ కనుమ అవతలి నుంచి ఒక మనిషి రావాలి. పరాయి దేశపు ముఠా ఒకటి కొండలవతల దొంగచాటుగా కట్టుకున్న రేడియో స్టేషన్ ఫోటోలు అతని దగ్గరున్నాయి. ఫిల్మును ఎండు జున్నుగడ్డ మధ్యలో దాచాడు. ఆ జున్ను కొరికి చూడగల పళ్లు ఏ కాపలావాడికీ లేవు. చిక్కల్లా ఒకటే. కనుమకి ఇవతల, రాళ్ల మధ్యలో, ముఠా తుపాకులవాళ్లు ముగ్గురు కాచుకుని కూర్చున్నారు.

“మన సైనికులు వెళ్లి ఆ రాళ్లు ఖాళీ చేస్తారు. ఖాళీ అయిందని నీకు రేడియోలో చెబుతాను. అప్పుడు నువ్వు అతనికి సైగ చెయ్యాలి. ఏం సైగ?”

“నాలుగో క్యాంపులో మంత్రాలు అచ్చేసిన గాలి గుర్రాల జెండాలు కడతాను సాబ్. అవి కనబడితే దిగి రమ్మని. కనబడకపోతే కదలొద్దని. బావకీ నాకూ అదే మాట.”

అవును, వచ్చే మనిషి తుందూ. ఉప్పు వ్యాపారి. ఉర్కెన్ అక్క యాంగ్జీ మొగుడు. ఊళ్లోంచి బయల్దేరేటప్పుడు యాంగ్జీ తమ్ముడి చెవి పట్టుకుని మెలిపెట్టింది. మా ఆయన్ని క్షేమంగా కొండ దాటించు, ఈ ఒక్కసారికీ నీ వేషాలు కట్టిపెట్టు అంది. చెవి వదిలాక కళ్లు తుడుచుకుంది. ఆ రెండోది వాడికి చెవి కంటే ఎక్కువ నొప్పెట్టింది.

“ఆ బృందంలో మన ఏజెంటు ఇంకొకరున్నారు,” అన్నాడు ఖడ్కా సాబ్. “మన వెన్న టీలో ఉప్పు ఎక్కువైందా అని అడుగుతుంది. ఉప్పు సరిపోయింది, వెన్నే తక్కువ అని చెప్పు. కోడ్ పేరు తెల్ల గులాబి.”

“ఆవిడకి గులాబి, నాకు బర్రె. బానే ఉంది సాబ్,” అన్నాడు ఉర్కెన్ చక్రం సంచిలో వేసుకుంటూ.

*

తెల్ల గులాబి అసలు పేరు లిదియా వార్నెక్. బృందానికి ఫోటోగ్రాఫరు. పెదాలకి రంగు వేసుకుని మరీ మంచు గోడలెక్కే మనిషి. ఆమె నవ్వితే బేస్ క్యాంపులో వంటవాళ్లకి పప్పు మాడిపోయేది. ఒకరోజు వంట టెంటులోకి తొంగి చూసి, ఉప్పు గురించి అడిగింది. ఉర్కెన్ వెన్న సంగతి చెప్పాడు. జెండాల సంగతీ చెప్పాడు. సాటి ఏజెంటు కదా.

ఆ చెప్పడం ఎంత పొరపాటో మూడో క్యాంపులో తెలిసింది.

పొద్దున ఎండ కాస్తుండగానే లిదియా ఒక కూలీని తోడు తీసుకుని నాలుగో క్యాంపుకి బయల్దేరింది. ఫోటోలకి వెలుతురు బాగుందని చెప్పింది. వాళ్లు కనుమరుగయ్యారో లేదో, పడమటి నుంచి మబ్బు లేచింది. కాసేపటికల్లా టెంటు గుడ్డ డప్పులా మోగడం మొదలెట్టింది. బయట చెయ్యి చాపితే వేళ్లు కనపడలేదు. అంతలో ఆ కూలీ ఒక్కడే మంచుముద్దలా జారుకుంటూ తిరిగొచ్చాడు. సగం దారిలో మేమ్‌సాబ్ తనను వెనక్కి పొమ్మందట. గొంపా మఠంలోని లామా ఇచ్చిన జెండాల మూట మాత్రం తన వీపు మీంచి తీసేసుకుందట.

ఉర్కెన్ టెంటు మూలకి పోయి ప్రార్థన చక్రం మీట నొక్కి తిప్పాడు. గరగరల మధ్య ఖడ్కా సాబ్ గొంతు వినిపించింది.

“బర్రె, బర్రె. గులాబికి పురుగు పట్టింది. అది ముఠా మనిషి. సైనికులు తుఫానుకి లోయలోనే ఆగిపోయారు. రాళ్లు ఖాళీ కాలేదు. మళ్లీ చెబుతున్నాను, ఖాళీ...”

అంతే. చలికి బ్యాటరీ చచ్చింది. ఇక దాన్ని ఎంత తిప్పినా పుణ్యం తప్ప ఏమీ రాలేదు.

బావ రోజూ సాయంత్రం, మబ్బు విడినప్పుడల్లా, కనుమ వెనక నుంచి దుర్భిణి పెట్టి చూస్తాడు. ఈ సాయంత్రం ఆయనకి జెండాలు కనిపిస్తాయి. నమ్మి దిగుతాడు. నేరుగా తుపాకుల ముందుకి దిగుతాడు.

ఈ గాలిలో ఎవరూ కదలకూడదని లీడర్ సాహెబ్ గట్టిగా చెప్పేశాడు. ఉర్కెన్ బుద్ధిగా తలూపి, బయటికొచ్చి, బూట్లకి ఇనుప ముళ్లు బిగించుకోవడం మొదలెట్టాడు. ఎదురుగా సర్దార్ గ్యాల్జెన్ నిలబడి ఉన్నాడు. షెర్పాలందరికీ పెద్ద, ఉర్కెన్‌కి వరసకి మావ. మనిషి మోటుగా, బీరువాలా ఉంటాడు. నడుముకి అప్పటికే తాడు కట్టుకుని ఉన్నాడు.

“ఎక్కడికిరా అల్లుడూ?”

“పైన మేమ్‌సాబ్ ఒక్కతే ఉంది మావా.”

“ఉండనీ. నా ఎర్ర ఉన్ని లాగు ఏది?”

“నాకేం తెలుసు?”

“మా అమ్మాయి అల్లిచ్చిందిరా. నిన్న పొయ్యి పక్కన ఆరేశాను. ఇవాళ లేదు. గుండ్రాయి పెట్టిన చెయ్యే లాగు ఎత్తిందని నాకు తెలుసు. అది దొరికేదాకా నీ వెనకే ఉంటాను. పద.”

లాగు ఉర్కెన్ సంచిలో అడుగునే ఉంది. కాసేపు ఏడిపించి ఇచ్చేద్దామనుకున్నాడు. ఇప్పుడు ఇచ్చేస్తే ముసలాయన ఆగిపోతాడని ఒక క్షణం ఆశపడ్డాడు. కానీ ఈ గాలిలో వాణ్ణి ఒంటరిగా పంపడం ఇష్టం లేకే ఆయన లాగు సాకు పెట్టాడని వాడికి అర్థమైంది. తాడు రెండో కొస తన నడుముకి ముడేసుకున్నాడు.

*

మూడో క్యాంపు దాటగానే నిట్టనిలువు మంచు వాలు. ముందురోజు పాతిన వెదురు గుర్తులు సగం కూరుకుపోయి, మొనలు మాత్రం తేలి ఉన్నాయి. ఒక మొన నుంచి ఇంకో మొనకి తడుముకుంటూ ఎక్కారు. గాలి ఒకవైపు నుంచి రాలేదు. ముందు చెంపదెబ్బ కొట్టి, వెనక నుంచి కాలు పెట్టి పడేసింది. కనురెప్పలు ఒకదానికొకటి అంటుకుపోతుంటే ఉర్కెన్ చేతి తొడుగుతో రుద్దుకుంటూ నడిచాడు. నాలుగడుగులు వేయడం, మంచు గొడ్డలి గుచ్చి దాని మీద వాలిపోయి ఊపిరి వెతుక్కోవడం. మళ్లీ నాలుగడుగులు.

వాలుకి అడ్డంపడి పోతే దారి సగానికి సగం తగ్గుతుంది. ఉర్కెన్ అటు తిరిగాడు. వెనక నుంచి తాడు బిగుసుకుంది. సర్దార్ కదలకుండా నిలబడి, గొడ్డలి పిడితో మంచుని పొడిచి చూపించాడు. పైన కొత్త మంచు, కింద నున్నటి పాత గడ్డ. కాలు పెడితే వాలు మొత్తం జారి కిందికి వచ్చేస్తుంది. రాతి గట్టు వెంబడే పోవాలి. ఉర్కెన్‌కి ఆ సంగతి తెలియక కాదు. బావ తప్ప ఇంకేదీ గుర్తులేక.

సర్దార్ జేబులోంచి లామా మంత్రించిన బియ్యం తీసి గాలిలోకి చల్లాడు. గాలి వాటిని తిప్పి ఆయన మొహానే కొట్టింది.

“కొండకి కోపంగా ఉందిరా,” అన్నాడాయన. “ఎవడో ఏదో తప్పు పని చేశాడు.”

గట్టు వెంబడి పోతుంటే మబ్బు ఇంకా దట్టమైంది. పొద్దు ఎంత వాలిందో తెలియలేదు. ఉర్కెన్ అడుగుల వేగం పెంచాడు. అప్పుడే వెనక నుంచి ఏ చప్పుడూ లేకుండా తాడు ఒక్కసారిగా వాణ్ణి వెనక్కి ఈడ్చింది. వాడు బోర్లాపడి, గొడ్డలిని మంచులోకి దిగేసి, దాన్ని పట్టుకుని వేలాడాడు. వెనక్కి చూస్తే సర్దార్ లేడు. ఆయన ఉన్నచోట మంచులో నల్లటి కంత ఉంది. తాడు నిటారుగా అందులోకి దిగిపోయింది.

“మావా.”

గాలి తప్ప ఏమీ వినపడలేదు. ఉర్కెన్ భుజాలు ఊడిపోతున్నాయి. పైన బావ ప్రాణం, కింద మావ ప్రాణం, మధ్యలో తన నడుము. అప్పుడు కంతలోంచి సన్నగా గొంతు వచ్చింది.

“అల్లుడూ.”

“ఆఁ మావా.”

“పోయే ముందైనా నిజం చెప్పు. లాగు నీ దగ్గరే ఉంది కదూ?”

“ఒట్టు మావా. నా దగ్గర లేదు.”

“అయితే నేను పోను. దొంగ ఎవడో తేల్చుకునే పోతాను. గట్టిగా పట్టుకో.”

పట్టుకున్నాడు. బీరువా లాంటి ఆ మనిషి లోపల మంచు గోడకి ముళ్లు గుచ్చుకుంటూ, రొప్పుతూ, తిట్టుకుంటూ, చివరికి గడ్డం నిండా మంచుతో అంచు మీదికి పాకి వచ్చాడు. ఇద్దరూ కాసేపు కావిలించుకున్నట్టే పడి ఉన్నారు. సర్దార్ జేబులోంచి వేయించిన పిండి ముద్ద తీసి, విరిచి సగం వాడి నోట్లో పెట్టాడు. మళ్లీ లేచి నడిచారు.

*

భుజం మీదికి చేరేసరికి గాలి తగ్గింది. మబ్బు మాత్రం ఇంకా ముసుగు తియ్యలేదు. మసకలో, ముందురోజు తాము వేసిన ఎర్ర టెంటు కనిపించింది. దాని అవతల, కనుమ వైపు అంచున, వెదురు గడకీ ఒక రాయికీ మధ్య తాడు కట్టి ఉంది. తాడు మీద జెండాలు.

ఉర్కెన్ వాటిని చూశాడు. మళ్లీ చూశాడు. తుఫాను మొదలైనప్పటి నుంచి మొదటిసారి వాడి ఛాతీలోకి నిండా ఊపిరి వచ్చింది.

పసుపు, నీలం, ఎరుపు, తెలుపు, చివర ఆకుపచ్చ. లిదియా తన ఫోటోగ్రాఫరు కంటికి ఇంపుగా ఉండేలా పేర్చింది. ఖుంబూలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు, ముందు ఆకాశం నీలం, తర్వాత మబ్బు తెలుపు, నిప్పు ఎరుపు, నీళ్ల ఆకుపచ్చ, అట్టడుగున నేల పసుపు. ఆ వరస ఉర్కెన్ ఆమెకి చెప్పలేదు. దాచి కాదు. అది చెప్పాల్సిన సంగతని వాడికి తట్టనేలేదు. బావ దుర్భిణిలో చూడగానే ఇది మనవాళ్ల చెయ్యి కాదని కనిపెడతాడు. అంగుళం కూడా కదలడు.

ఆ మాట సర్దార్‌తో చెప్పి, వాటిని ముట్టుకోకు మావా అని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. ఏజెంటు కదా, రహస్యం. ఊపిరి తీసుకుంటూ ఉండు అని చెప్పి, సంచి బయటే పడేసి టెంటులోకి దూరాడు.

లిదియా దుప్పటి కప్పుకుని స్టవ్ పక్కన కూర్చుని ఉంది. ఒక చేతిలో పిస్టల్, ఒక చేతిలో టీ కెటిల్.

“రా ఉర్కెన్. నువ్వు వస్తావనే అనుకున్నాను. ఇందులో ఉప్పు లేదు, చక్కెరే ఉంది. కూర్చో.”

కూర్చున్నాడు. ఆమె పోసిన టీ మగ్గు రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్లకి ప్రాణం వస్తూ మంటపెట్టింది.

ఆమె నెమ్మదిగా, ముద్దుగా అంతా చెప్పింది. మబ్బు విడిపోగానే తుందూ దిగుతాడు. రాళ్ల దగ్గర తన వాళ్లు ముగ్గురున్నారు. చీకటి పడేలోపు జున్నుగడ్డ వాళ్ల చేతికొస్తుంది. జున్ను సంగతి కూడా ఆమెకి తెలుసు. ఉర్కెన్ బాధపడకూడదు, ఇది వృత్తి. అంతవరకు కదలకుండా ఉంటే చాలు.

ఉర్కెన్ టీ ఊదుకుంటూ నవ్వాడు.

“ఎందుకు నవ్వుతున్నావ్?” అంది లిదియా.

“ఏం లేదు మేమ్‌సాబ్. జెండాలు మీరే కట్టారా? చాలా అందంగా ఉన్నాయి.”

ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. సరిగ్గా అప్పుడే బయట నుంచి మంత్రం గొణుగుడు వినిపించింది. ఓం మణి పద్మే హుం. దాని మధ్యలో తిట్లు.

“ఎవడు కట్టాడ్రా ఇది. ఆకాశాన్ని తెచ్చి నేల పక్కన కట్టాడు. ఓం మణి. ఇలా కడితే కొండకి కోపం రాదా మరి. పద్మే హుం. నేను గోతిలో పడ్డానంటే పడనా.”

తాడు కదిలిన చప్పుడైంది. ఉర్కెన్ మొహంలో నవ్వు ఆరిపోయింది. ముసలాయన జెండాలు విప్పి వరసగా కడుతున్నాడు. ఆయన చేతులు ఊరుకోవు. ఊళ్లో ఎవరి ఇంటి మీద జెండా పక్కకి జరిగినా నిచ్చెన వేసుకుని సర్దేసే మనిషి. ఇప్పుడు ఆ చేతులే బావని పిలుస్తున్నాయి. టెంటు గుడ్డ మీద ఎర్రగా వెలుతురు పడింది. మబ్బు విడిపోతోంది.

లిదియా వాడి మొహం చూసింది. ఆమెకి కారణం తెలియకపోయినా, గెలుస్తున్నది తనేనని మాత్రం తెలిసిపోయింది. పిస్టల్ కొంచెం పైకెత్తింది.

“టీ నచ్చలేదా?”

“వెన్న తక్కువైంది,” అని ఉర్కెన్ మగ్గు ఆమె చేతి మీదికి విసిరాడు.

పిస్టల్ పేలి టెంటు కప్పుకి కన్నం పడింది. కాలితో వాడు నడిమి గడని తన్నాడు. టెంటు మొత్తం కుప్పకూలి ఆమె మీద పడింది. పిస్టల్ గుడ్డ అంచు కిందనుంచి జారి, మంచువాలు మీద గిరగిరా తిరుగుతూ లోయలోకి పోయింది. ఉర్కెన్ పొట్ట మీద పాకుతూ బయటపడ్డాడు.

“మావా, ఈ టెంటు మీద కూర్చో.”

“కింద ఎవరో కదులుతున్నారురా.”

“అందుకే కూర్చోమంటున్నా.”

సర్దార్‌కి ఏమీ అర్థం కాలేదు. కానీ పిస్టల్ చప్పుడు విన్నాడు, అల్లుడి కళ్లు చూశాడు. వెళ్లి కూర్చున్నాడు. కింద కదలిక ఆగిపోయింది.

ఎదురుగా ఆకాశం పెద్ద తలుపు తెరిచినట్టు తెరుచుకుంది. సాయంత్రపు ఎండలో జెండాలు వరసగా, శుభ్రంగా రెపరెపలాడుతున్నాయి. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఖర్తే కనుమ తెల్లగా మెరుస్తోంది. దాని నడుం మీద ఒక నల్లటి చుక్క. చుక్క కిందికి కదులుతోంది.

జెండాలు తెంపేద్దామా? తెంపితే, గాలికి పోయాయనుకుంటాడు బావ. ఒకసారి చూశాడు, ఇక ఆగడు. అరిస్తే వినపడదు. చక్రం చచ్చింది. ఆపాలంటే ఆయనకి అర్థమయ్యేది ఏదో ఒకటి, ఇప్పుడే, ఇక్కడే చెప్పాలి. ఉర్కెన్ సంచి బోర్లించాడు. తాడు, డబ్బాలు, మేజోళ్లు, అడుగున ఎర్రగా ఒక పొడుగాటి ఉన్ని లాగు.

“దొంగ వెధవా,” అన్నాడు సర్దార్ టెంటు మీంచి. “గోతిలో వేలాడుతూ అడిగినా ఒట్టేసి చెప్పావు కదరా.”

ఉర్కెన్ వినిపించుకోలేదు. జెండాల తాడు కిందికి గుంజి, తెలుపుకీ ఎరుపుకీ మధ్య లాగు నడుముని ముడేసి వదిలాడు. గాలి లాగులో దూరింది. రెండు కాళ్లూ బలిసిన మనిషి కాళ్లలా ఉబ్బి, ఆకాశంలోకి తన్నడం మొదలెట్టాయి.

“అవి గాలి గుర్రాలురా పాపిష్ఠోడా,” అన్నాడు సర్దార్, గుసగుసగా.

“ఇవాళ్టికి ఒక గుర్రం ఎక్కువైంది మావా. చూడు.”

చుక్క ఇంకా దిగుతోంది. రాళ్ల గుంపు దానికి దగ్గరవుతోంది. అక్క చెవి మెలిపెట్టిన చోట ఉర్కెన్‌కి మళ్లీ నొప్పి తెలిసింది. చుక్క ఆగింది. ఆగి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా, తప్పు దారిన వచ్చినవాడిలా, వెనక్కి తిరిగి పైకి నడిచింది.

రాళ్ల మధ్యలోంచి మూడు చుక్కలు లేచి పరిగెత్తాయి. ఎక్కడో దూరంగా తుపాకులు దగ్గినట్టు వినిపించింది. కానీ మొదటి చుక్క అప్పటికే కనుమ దాటి అవతలికి దిగిపోయింది. మళ్లీ మబ్బు మూసుకుంది.

*

ఆ ముగ్గురినీ సైనికులు చలికి వేళ్లు కొయ్యబారిన స్థితిలో పట్టుకున్నారు. లిదియా కిందికి దిగాక ఒకే ఒక ప్రశ్న అడిగింది, జెండాల రంగుల గురించి. ఉర్కెన్ వరస చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుంది.

తుందూ పడమటి లోయ చుట్టూ తిరిగి, గడ్డం మాసిపోయి, బేస్ క్యాంపు వంట టెంటులోకి వచ్చాడు. ఉర్కెన్ ఎదురెళ్లి ఏదో అనబోయాడు. తుందూ వాడి నెత్తిన ఒకటి మొట్టి, జున్నుగడ్డ తీసి, సైనికుల వెంట వచ్చిన ఖడ్కా సాబ్ ముందు పెట్టాడు. దాన్ని పగలగొట్టడానికి మంచు గొడ్డలి కావాల్సి వచ్చింది.

వెనక్కి ఎలా తిరిగావని ఖడ్కా సాబ్ అడిగాడు.

“జెండాలు సరిగ్గానే ఉన్నాయి సాబ్, అందుకే దిగాను. ఇంతలో వాటి మధ్య లాగు లేచింది. లాగు వేలాడేసిన వైపుకి మాలో ఎవడైనా అడుగేస్తాడా, అపశకునం కదా? అయినా గాలి గుర్రాల పక్కన లాగు కట్టే బుద్ధి ఈ కొండలకి రెండు వైపులా కలిపి ఒక్కడికే ఉంది. వాడు మా ఆవిడ తమ్ముడు. నిజంగా రమ్మనేవాడైతే అక్కకి భయపడి బుద్ధిగా కట్టేవాడు. ఏదో కొంప మునిగిందనుకున్నాను.”

మూలన కూర్చున్న సర్దార్ కొండకి క్షమాపణ పూజ ఖర్చు అల్లుడిదేనని తేల్చి చెప్పాడు. అల్లుడు ఒప్పుకున్నాడు.

ఖడ్కా సాబ్ ఆ రాత్రే కాఠ్మాండూకి నివేదిక పంపాడు. అందులో ప్రార్థన చక్రం పనికిరాలేదని, కొత్తరకం సంకేత పరికరం ఒకటి అద్భుతంగా పనిచేసిందని రాశాడు. కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం చేర్చాడు. అది రాస్తుంటే ఆయన పెదవి ఒక పక్కకి వంగిందని ఉర్కెన్ ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు.

‘సదరు పరికరం ప్రస్తుతం సర్దార్ గ్యాల్జెన్ కాళ్లకు తొడిగి ఉన్నందున, తనిఖీ చేయుట వీలుపడలేదు.’